చక్రాల బ్రేకులకు ఏది వాడాలి: కీనా, లివరా, టో పెడల్సా?

యుద్ధ విమానాల సిమ్యులేటర్ మొదలుపెట్టినవాళ్లకి గాల్లో ఎగరడం త్వరగానే పట్టుబడుతుంది. చిక్కంతా నేల మీదే. పార్కింగ్ నుంచి రన్‌వే చేరేలోపు విమానం ఒకటి రెండుసార్లు గిర్రున తిరిగిపోతుంది. టేకాఫ్‌కి థ్రాటిల్ (ఇంజిన్ శక్తిని పెంచే లివర్) ముందుకి తోయగానే ఒక పక్కకి లాగేసి గడ్డిలోకి దూకుతుంది. బాగా దిగామనుకున్న ల్యాండింగ్‌లో కూడా చివరి వంద మీటర్లలో రెక్క నేలకి రాసుకుంటుంది. ఇదంతా నాలుగైదుసార్లు చూశాక ఎవరికైనా అనిపించేది ఒకటే: టో బ్రేకులున్న పెడల్స్, అంటే కాలివేళ్లతో బ్రేకు నొక్కగలిగే పెడల్స్, తెచ్చుకుంటే సరిపోతుంది అని.

కొందరి విషయంలో అది నిజం. చాలామంది విషయంలో కాదు. మీరు ఎక్కువగా నడిపే విమానంలో అసలు పైలట్ బ్రేకు ఎలా వేసేవాడో ముందు చూడండి. దానికి దగ్గరగా ఉండే అమరికే మీకు సరైనది. స్పిట్‌ఫైర్ నడిపేవాళ్లకి టో బ్రేకులతో పనే లేదు. బీఎఫ్ 109 నడుపుతూ రెండు చక్రాలకీ కలిపి ఒకే బ్రేకు కీ పెట్టుకుంటే ఒక చేయి కట్టేసుకున్నట్టే. ఎఫ్-16 వాళ్లకి ఈ రెండింటికన్నా ముక్కు చక్రం బటన్ ఎక్కడ పెట్టుకున్నారన్నది ముఖ్యం. అందుకే ముందు విమానాల సంగతి చెప్పి, తర్వాత సామాను సంగతికి వస్తాను.

మీ విమానంలో బ్రేకు ఎలా ఉంది?

మొదటి రకంలో బ్రేకు లివర్ స్టిక్ మీద ఉంటుంది. స్పిట్‌ఫైర్, హరికేన్, మస్కిటో ఈ కోవలోవే. సోవియట్ వైపు యాక్-1, లా-5 లాంటివీ, తర్వాతి కాలంలో మిగ్-15, మిగ్-21, ఎల్-39 కూడా ఇంతే. సైకిల్ బ్రేకు నొక్కినట్టు చేత్తో లివర్ నొక్కితే రెండు చక్రాలకీ బ్రేకు పడుతుంది. పెడల్స్ మధ్యలో ఉంటే రెండు చక్రాలూ సమానంగా ఆగుతాయి. ఎడమ పెడల్ తొక్కితే కుడి చక్రానికి వెళ్లే ఒత్తిడి తగ్గుతుంది, ఎడమ చక్రమే ఎక్కువగా ఆగుతుంది, విమానం ఎడమకి తిరుగుతుంది. అంటే ఎంత బ్రేకు అన్నది లివర్ చెబుతుంది, ఏ పక్క అన్నది పెడల్ చెబుతుంది.

ఈ పద్ధతి అర్థమైతే సామాను ఎంపిక సగం తేలిపోయినట్టే. ఇలాంటి విమానానికి కావలసింది ఒక్క బ్రేకు యాక్సిస్ (ఎంత నొక్కితే అంత పనిచేసే కంట్రోల్), దానితోపాటు మంచి రడ్డర్ (పెడల్స్‌తో విమానం ముక్కుని పక్కలకి తిప్పే కంట్రోల్). కాలివేళ్లతో తొక్కే రెండు విడి బ్రేకులు ఇక్కడ అక్కరకి రావు. మీ దగ్గర టో పెడల్స్ ఉంటే వాటిలో ఒకదాన్ని ఆ ఒక్క యాక్సిస్‌గా వాడుకోవచ్చు, అంతే.

స్పిట్‌ఫైర్ గురించి ఇంకో మాట. దాని బ్రేకులు గాలి ఒత్తిడితో పనిచేస్తాయి. ఫ్లాప్స్, తుపాకులు కూడా అదే గాలిని వాడుకుంటాయి. కాక్‌పిట్‌లో మూడు ముళ్లున్న చిన్న గేజి ఉంటుంది: ఒకటి సిలిండర్లలో ఎంత గాలి ఉందో, మిగతా రెండూ ఎడమ, కుడి బ్రేకులకి ఎంత ఒత్తిడి వెళ్తోందో చూపిస్తాయి. కొత్త అమరిక చేసుకున్నాక ఇంజిన్ నడుస్తుండగా లివర్ నొక్కి, పెడల్స్ అటూ ఇటూ తొక్కి ఆ రెండు ముళ్లనీ చూడండి. ఒకటి పైకి, ఒకటి కిందకి కదులుతుంటే మీ అమరిక సరిగ్గా ఉన్నట్టు. డీసీఎస్ అనే సిమ్యులేటర్‌లో స్పిట్‌ఫైర్ పెట్టుకున్న ప్రతి ఒక్కరికీ నేను మొదట చెప్పే పరీక్ష ఇదే. చాలామంది ఆ గేజి వైపు ఒక్కసారి కూడా చూడకుండా నెలలు గడిపేస్తారు.

రెండో రకం టో బ్రేకులు. పీ-51, పీ-47, బీఎఫ్ 109, ఎఫ్‌డబ్ల్యూ 190, జెట్లలో ఎఫ్-86 ఈ రకం. ప్రతి పెడల్ పైభాగాన్నీ కాలి ముందు భాగంతో తొక్కితే ఆ పక్క చక్రానికే బ్రేకు పడుతుంది. రడ్డర్ ఎటు ఉన్నా సరే, కుడి బ్రేకు కుడి చక్రానిదే. ఇక్కడ రెండు విడి ఇన్‌పుట్‌లు తప్పనిసరి. అవి పెడల్సే కానక్కర్లేదు, రెండు కీలైనా పరవాలేదు. కానీ రెండు ఉండాలి.

ఈ రకంలో తోక చక్రం సంగతి కూడా తెలిసి ఉండాలి, ఎందుకంటే విమానాన్ని బట్టి అది మారిపోతుంది. పీ-51లో స్టిక్ మధ్యలో గానీ వెనక్కి గానీ ఉంటే తోక చక్రం లాక్‌లో ఉండి, రడ్డర్‌తోపాటు రెండు పక్కలకీ 6 డిగ్రీల చొప్పున తిరుగుతుంది. స్టిక్ పూర్తిగా ముందుకి తోస్తే లాక్ ఊడి ఎటైనా తిరుగుతుంది. ఎఫ్‌డబ్ల్యూ 190లో స్టిక్ వెనక్కి లాగితే చక్రం లాక్ అవుతుంది, వదిలితే ఊడుతుంది. పీ-47లోనూ బీఎఫ్ 109 కే-4లోనూ దీనికి విడిగా లివర్ ఉంది. స్పిట్‌ఫైర్‌కి లాకే లేదు, దాని తోక చక్రం ఎప్పుడూ స్వేచ్ఛగా తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి పీ-51తో ట్యాక్సీ (నేల మీద నడపడం) నేర్చుకుని స్పిట్‌ఫైర్‌లోకి వెళితే అది అదుపు తప్పిన బండిలా అనిపిస్తుంది. మీ నైపుణ్యం పోలేదు, సాయపడే లాక్ పోయింది.

మూడో రకం ముక్కు చక్రాన్ని తిప్పే ఆధునిక జెట్లు. ఎఫ్-16, ఎఫ్/ఏ-18, ఏ-10, ఎఫ్-5 ఇందులోకి వస్తాయి. పెడల్స్ తొక్కితే ముక్కు చక్రమే తిరుగుతుంది కాబట్టి మలుపులకి బ్రేకు తేడాలతో అంతగా పని పడదు. కానీ ఆ స్టీరింగ్ ఆన్ చేసే పద్ధతి ఒక్కో విమానంలో ఒక్కోలా ఉంటుంది. ఎఫ్-16లో బటన్ ఒకసారి నొక్కితే ఆన్, మళ్లీ నొక్కితే ఆఫ్. ఆన్‌లో ఉంటే ముక్కు చక్రం రెండు పక్కలకీ 32 డిగ్రీల దాకా తిరుగుతుంది. ఎఫ్-5లోనూ, రెండో రకంలో చెప్పినా ఈ స్టీరింగ్ కూడా ఉన్న ఎఫ్-86లోనూ బటన్ నొక్కి పట్టుకున్నంతసేపే పనిచేస్తుంది. ఎఫ్/ఏ-18లో తక్కువ, ఎక్కువ అని రెండు స్థాయిలు. బటన్ నొక్కి పట్టుకుంటే ఎక్కువ స్థాయికి వెళ్లి 75 డిగ్రీల దాకా తిరుగుతుంది. విమానవాహక నౌక డెక్ మీద ఇరుకు మలుపులకి అది కావాలి, రన్‌వే మీద పరుగులో మాత్రం వద్దు.

ఒక జాగ్రత్త. మిగ్-15, మిగ్-21, ఎల్-39లకి ముక్కు చక్రం ఉందని చూసి వీటినీ మూడో రకంలో వేసుకోకండి. వాటి ముక్కు చక్రం తోపుడు బండి చక్రంలా దానంతట అది తిరిగేదే తప్ప పెడల్స్ మాట వినదు. నెమ్మదిగా వెళ్తున్నప్పుడు వాటిని తిప్పేది బ్రేకే.

విమానం ఎందుకు తిరిగిపోతుంది?

తోక చక్రం ఉన్న విమానాల్లో బరువు కేంద్రం ప్రధాన చక్రాలకి వెనక ఉంటుంది. నిటారుగా పోతున్నంతసేపూ బాగానే ఉంటుంది. కొంచెం పక్కకి తిరిగిందా, వెనకున్న బరువు ముందుకి దూసుకెళ్లాలని చూసి ఆ మలుపుని ఇంకా పెంచుతుంది. పెరిగినకొద్దీ ఇంకా పెంచుతుంది. గ్రౌండ్ లూప్ అంటే ఇదే. ముక్కు చక్రం విమానాల్లో బరువు ప్రధాన చక్రాలకి ముందుంటుంది కాబట్టి అవి వాటంతట అవే నిటారుగా సర్దుకుంటాయి.

దీన్నుంచి మనకి అర్థం కావలసింది ఏమిటంటే, తోక చక్రం విమానాన్ని పట్టుకోవడానికి పెద్ద బ్రేకు కన్నా చిన్నగా, వెంటనే, అవతలి పక్కకి పడే స్పర్శ ముఖ్యం. ముక్కు ఒక వేలెడు కదిలినప్పుడే సరిదిద్దాలి. అరచేయంత కదిలాక బ్రేకు గట్టిగా వేస్తే అదే విమానాన్ని ముక్కు మీద నిలబెడుతుంది. అందుకే ఏ సామాను ఎంచుకున్నా నేను మొదట అడిగేది, ఇందులో కొంచెం అన్నది వీలవుతుందా అని.

టేకాఫ్‌లో లాగుడు వేరే సంగతి. ప్రొపెల్లర్ తిరిగే దిశ వల్ల స్పిట్‌ఫైర్ 9, పీ-51, బీఎఫ్ 109 ఎడమకి లాగుతాయి, కుడి రడ్డర్ కావాలి. గ్రిఫన్ ఇంజిన్ ఉన్న స్పిట్‌ఫైర్ 14లో ప్రొపెల్లర్ అటుది ఇటు తిరుగుతుంది, కాబట్టి కుడికి లాగుతుంది. ఈ లాగుడుని బ్రేకుతో సరిదిద్దబోతే వేగం చచ్చిపోతుంది. థ్రాటిల్ నెమ్మదిగా పెంచుతూ రడ్డర్‌తోనే పట్టుకోవాలి. టేకాఫ్‌లో మాటిమాటికీ బ్రేకు వైపు చేయి పోతోందంటే మీ లోటు బ్రేకుల్లో లేదు, రడ్డర్‌లో ఉంది.

ఇక సామాను

కీబోర్డు కీ లేదా జాయ్‌స్టిక్ బటన్. డీసీఎస్‌లో చక్రాల బ్రేకు డబ్ల్యూ కీ మీద సిద్ధంగా ఉంటుంది. నొక్కితే పూర్తి బ్రేకు, వదిలితే సున్నా. మధ్యలో ఏమీ లేదు. ముక్కు చక్రం జెట్లకి ఇది నిజంగా సరిపోతుంది. ఎఫ్-16, ఏ-10, ఎఫ్/ఏ-18ల్లో చక్రాలు జామ్ కాకుండా చూసే యాంటీ స్కిడ్ ఉంది కాబట్టి పూర్తి బ్రేకు వేసినా విమానం తిన్నగానే ఆగుతుంది. వీటినే నడిపేవాళ్లు బ్రేకుల కోసం కొత్తగా ఏదీ తెచ్చుకోనక్కర్లేదని గట్టిగా చెబుతాను.

లివర్ విమానాలకి కూడా బటన్‌తో నడపొచ్చు, కాకపోతే పాటకి తాళం వేసినట్టు నొక్కుతూ వదులుతూ ఉండాలి. టక్ టక్ టక్ అని చిన్న దెబ్బలు. పట్టి ఉంచకూడదు. బటన్‌ని స్టిక్ మీద చిటికెన వేలు దగ్గర పెట్టుకుంటే అసలు లివర్ నొక్కిన భావం కొంతైనా వస్తుంది. టో బ్రేకు విమానాలకైతే ఎడమ బ్రేకు, కుడి బ్రేకు అని రెండు విడి బటన్లు పెట్టండి. రెండూ కలిపి వేసే బటన్ మూడోది. స్టిక్ మీద హ్యాట్ స్విచ్ (బొటనవేలితో నాలుగు వైపులా కదిపే స్విచ్) ఖాళీగా ఉంటే దాని ఎడమ, కుడి, కింద స్థానాలకి ఈ మూడూ చక్కగా అమరుతాయి. చూపు తిప్పడానికి తల కదలికని పట్టే పరికరం వాడేవాళ్లకి ఆ హ్యాట్ ఎలాగూ ఖాళీగానే ఉంటుంది.

తిప్పే స్టిక్, దానితోపాటు స్లయిడర్. స్టిక్‌నే మెలితిప్పితే రడ్డర్ పనిచేసే జాయ్‌స్టిక్‌లు చాలామంది దగ్గర ఉన్నవే. వాటి మీద చిన్న స్లయిడరో, థ్రాటిల్ యూనిట్ మీద అదనపు చక్రమో ఉంటే దాన్ని బ్రేకు యాక్సిస్‌గా పెట్టుకోవచ్చు. స్పిట్‌ఫైర్, యాక్, మిగ్-21 నడిపేవాళ్లకి ఖర్చు లేకుండా దొరికే మంచి మెరుగుదల ఇది. మూడో వంతు బ్రేకు పెట్టి వదిలేసి, మెలితిప్పుడుతో అటూ ఇటూ తిప్పుకోవచ్చు. ఇబ్బంది ఒకటుంది. స్లయిడర్ దానంతట అది వెనక్కి రాదు. టేకాఫ్‌కి ముందు సున్నాకి తెచ్చారో లేదో ప్రతిసారీ చూసుకోవాలి. మెలితిప్పుడు రడ్డర్‌కి ఇంకో లోపం ఉంది: స్టిక్ వెనక్కి గట్టిగా లాగి పట్టుకున్నప్పుడు మణికట్టు బిగుసుకుని సన్నటి కదలికలు రావు. తోక చక్రం విమానాలకి సరిగ్గా అప్పుడే అవి కావాలి.

స్టిక్ మీదే అసలు బ్రేకు లివర్. కొన్ని గ్రిప్‌లకి (స్టిక్ పైనుండే పిడి) ముందు వైపు వేళ్లతో నొక్కే లివర్ ఉంటుంది, అది పూర్తి యాక్సిస్. వీకేబీ వాళ్ల ఎంసీజీ ప్రో, వర్పిల్ వాళ్ల కాన్‌స్టెలేషన్ ఆల్ఫా అలాంటివి. థ్రస్ట్‌మాస్టర్ వార్‌థాగ్ గ్రిప్ కింద ఉన్న ప్యాడిల్ చూడ్డానికి ఇలాగే ఉన్నా అది ఆన్, ఆఫ్ బటన్ మాత్రమే. తెచ్చుకునేముందు ఈ తేడా కనుక్కోండి. లివర్ విమానాలని ప్రేమించేవాళ్లకి దీన్ని మించిన అమరిక లేదని నా నమ్మకం. వేలు ఎంత నొక్కితే అంత బ్రేకు, వదిలితే దానంతట అదే సున్నా. స్పిట్‌ఫైర్‌ని మూలమలుపులో లివర్ సగం నొక్కి, రడ్డర్ ఒక పక్క తొక్కి, కొంచెం గ్యాస్ ఇస్తూ తిప్పినప్పుడు ఆ విమానం ఎంత మర్యాదగా తిరుగుతుందో మొదటిసారి తెలుస్తుంది.

పెడల్స్. ఇక్కడ రెండు రకాలున్నాయని చాలామంది గమనించరు. టో బ్రేకులున్నవి, లేనివి. వీకేబీ టీ-రడ్డర్‌కి టో బ్రేకులు లేవు. రడ్డర్‌గా చాలా నున్నగా, కచ్చితంగా పనిచేస్తుంది. లివర్ విమానాలకీ, హెలికాప్టర్లకీ అది లోటుగా అనిపించదు. పీ-47 కోసం తెచ్చుకుంటే మాత్రం బ్రేకులు చేతికే మిగులుతాయి. థ్రస్ట్‌మాస్టర్ టీపీఆర్, దాని చిన్న తమ్ముడు టీఎఫ్ఆర్‌పీ, లాజిటెక్ పెడల్స్ టో బ్రేకులతో వస్తాయి. టీఎఫ్ఆర్‌పీలో రెండు పాదాలూ బాగా దగ్గరగా ఉంటాయి. సన్నటి పాదాలవాళ్లు పట్టించుకోరు, పొడుగ్గా ఉన్నవాళ్లకి గంటసేపటికి మోకాళ్లు పట్టేస్తాయి. వీలైతే ఒకసారి కూర్చుని చూశాకే నిర్ణయించుకోండి.

టో బ్రేకుల పెడల్స్‌లో నేను ముందుగా చూసేది టో భాగం ఎంత గట్టిగా ఉంది అని. అది మరీ మెత్తగా ఉంటే రడ్డర్ పూర్తిగా తొక్కినప్పుడు పాదం వంగి, తెలియకుండానే బ్రేకు పడుతుంది. టేకాఫ్‌లో అది ప్రమాదం. మడమ నేల మీద ఆనించి, పాదం కింది భాగంతో రడ్డర్ తోయడం, కావాలన్నప్పుడే పాదం పైకి జరిపి బ్రేకు తొక్కడం అలవాటు చేసుకుంటే ఈ బెడద చాలావరకు పోతుంది.

కారు రేసింగ్ పెడల్స్. స్టీరింగ్ సెట్ ఇంట్లో ఉన్నవాళ్లు దీన్ని తప్పకుండా ఆలోచించాలి. గ్యాస్ పెడల్‌ని కుడి బ్రేకుగా, క్లచ్ పెడల్‌ని ఎడమ బ్రేకుగా పెట్టి, రడ్డర్‌ని స్టిక్ మెలితిప్పుడు మీద ఉంచితే బీఎఫ్ 109, పీ-51లకి రెండు విడి యాక్సిస్‌లు దొరికినట్టే. రెండు పెడల్సే ఉన్న సెట్‌లో డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌లో కంబైన్డ్ పెడల్స్ అనే అమరిక ఆన్‌లో ఉంటే రెండూ కలిసి ఒకే యాక్సిస్‌గా కనిపిస్తాయి. దాన్ని ఆఫ్ చేయాలి.

గేమ్‌ప్యాడ్ ట్రిగ్గర్లు. ఆలోచన బాగుంది, కానీ ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌ని డైరెక్ట్‌ఇన్‌పుట్ అనే పాత విండోస్ పద్ధతి ద్వారా చదివే ఆటల్లో రెండు ట్రిగ్గర్లూ ఒకే యాక్సిస్‌కి రెండు చివరలుగా వస్తాయి. రెండూ కలిపి నొక్కితే ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. బ్రేకులకి అదే కొంప ముంచుతుంది, ఎందుకంటే ఆగాలనుకున్నప్పుడు మనం నొక్కేది రెండూ కలిపే. ట్రిగ్గర్లకి బదులు వాటి పైనున్న రెండు బంపర్ బటన్లు ఎడమ, కుడి బ్రేకులుగా పెట్టుకోవడం మేలు.

ఎవరికి ఏది?

ముక్కు చక్రం జెట్లు మాత్రమే నడిపేవాళ్లు బ్రేకుకి ఒక బటన్, స్టీరింగ్‌కి ఒక బటన్ స్టిక్ మీద పెట్టుకుని హాయిగా ఉండొచ్చు. పెడల్స్ తెచ్చుకుంటే ఇతర కారణాలకి తెచ్చుకోండి.

స్పిట్‌ఫైర్, యాక్, మిగ్ లాంటి లివర్ విమానాలు ఇష్టమైనవాళ్లు మొదటి ప్రాధాన్యం రడ్డర్‌కి ఇవ్వాలి. టో బ్రేకులు లేని మంచి పెడల్స్, టో బ్రేకులున్న సాధారణ పెడల్స్, ఈ రెండింట్లో ఒకటే తీసుకోగలిగితే మొదటివి తీసుకోండి. బ్రేకుని స్లయిడర్ మీదో, గ్రిప్ లివర్ మీదో పెట్టుకోవచ్చు. ఐఎల్-2 గ్రేట్ బ్యాటిల్స్ అనే ఇంకో సిమ్యులేటర్‌లో తూర్పు రంగంలో సోవియట్ వైపే ఆడేవాళ్లకి ఇది ఇంకా సరిపోతుంది.

జర్మన్, అమెరికన్ ప్రొపెల్లర్ విమానాలు నడిపేవాళ్లకే టో పెడల్స్ నిజంగా పూర్తి ఫలితం ఇస్తాయి. అందులోనూ బీఎఫ్ 109కి. దాని చక్రాల కాళ్లు రెక్కలకి కాకుండా శరీరానికి బిగించి ఉండటంతో చక్రాల మధ్య దూరం తక్కువ, కొంచెం పక్కకి ఒరిగితే చాలు రెక్క నేలకి వస్తుంది. లోపలికి ముడుచుకునే వెడల్పాటి కాళ్లున్న పీ-51, ఎఫ్‌డబ్ల్యూ 190 ఇంత కంగారు పెట్టవు. తోక చక్రం లాక్ వాడుకుంటే వాటిని రెండు బటన్లతో కూడా నెట్టుకురావచ్చు.

అన్నీ కొంచెం కొంచెం నడిపేవాళ్లుంటారు. వాళ్లకి టో బ్రేకులున్న పెడల్సే. లివర్ విమానంలోకి వెళ్లినప్పుడు ఒక టో యాక్సిస్‌ని బ్రేకు లివర్‌గా కేటాయించుకుంటే పని జరుగుతుంది. ఎడమ టో అయితే మేలు, కుడి రడ్డర్ పట్టి ఉంచాల్సిన టేకాఫ్‌లో పొరపాటున తగలదు.

తెచ్చుకున్నాక చేయాల్సినవి

పోయినేడాది నేను వాడిన పెడల్స్‌తో జరిగింది చెబుతాను. పీ-51 టేకాఫ్ పరుగు రోజురోజుకీ పొడుగవుతోంది. ఎంత రడ్డర్ తొక్కినా కొంచెం కుడికే పోతోంది. గాలి అనుకున్నాను, బరువు అనుకున్నాను, ఇంధనం తగ్గించి చూశాను. డీసీఎస్‌లో రైట్ కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కితే తెర మూలన కంట్రోళ్ల స్థితి చూపించే చిన్న పెట్టె వస్తుంది. అందులో చూస్తే నా పాదం ఆనకుండానే కుడి బ్రేకు కొంచెం పడి ఉంది. పెడల్ లోపలి సెన్సర్ సున్నాకి తిరిగి రావడం లేదు. మొదట్లో 5 శాతం డెడ్‌జోన్ (కదిలినా లెక్కలోకి రాని భాగం) ఇవ్వగానే ఆ రోజే పరుగు మామూలుకి వచ్చింది.

కాబట్టి మొదటి పని ఆ పెట్టె తెరిచి, పాదాలు పెడల్స్ మీంచి తీసేసి, రెండు బ్రేకులూ సున్నాలో ఉన్నాయో లేదో చూడటం. చాలా పెడల్స్‌కి డీసీఎస్‌లో యాక్సిస్ తలకిందులుగా వస్తుంది. అంటే తొక్కనప్పుడు పూర్తి బ్రేకు, తొక్కితే వదిలేయడం. యాక్సిస్ ట్యూన్‌లో ఇన్‌వర్ట్ పెట్టెలో టిక్ పెడితే సరి. అక్కడే స్లయిడర్ అన్న టిక్ కూడా పెట్టండి, లేకపోతే డెడ్‌జోన్ మొదట్లో కాకుండా కదలిక మధ్యలో పడుతుంది. తర్వాత యాక్సిస్ వంపు (కర్వ్) కొంచెం సర్దుకుని మొదటి సగం మెత్తగా ఉండేలా చేసుకోండి. ట్యాక్సీలో వాడేదంతా ఆ మొదటి సగమే.

ఇవన్నీ ప్రతి విమానానికీ విడివిడిగా చేయాలి. ఒక విమానంలో సర్దినది ఇంకోదానికి దానంతట అది పోదు.

బ్రేకు ఎప్పుడు, గాలి ఎప్పుడు?

ఏ సామాను ఉన్నా, నేలని తాకగానే బ్రేకు వేసే అలవాటు ఉంటే ఉపయోగం లేదు. వేగంగా వెళ్తున్నప్పుడు రెక్కలు ఇంకా విమానాన్ని పైకి మోస్తూనే ఉంటాయి, చక్రాల మీద బరువు తక్కువ, బ్రేకుకి పట్టు ఉండదు. పైగా ఆపాల్సిన శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. 120 నాట్ల వేగం 60కి తగ్గిందంటే నాలుగింట మూడు వంతుల పని అయిపోయినట్టే. ఆ మొదటి ముప్పాతిక భాగాన్ని వీలైనంత గాలికే వదిలేయాలి.

ఎఫ్-16లో దిగాక ముక్కుని దాదాపు 13 డిగ్రీల యాంగిల్ ఆఫ్ అటాక్ (ఎదురుగాలికి రెక్క చేసే కోణం) దగ్గర పైకి పట్టి ఉంచితే విమానమే పెద్ద అడ్డుగా మారి వేగం చంపుతుంది. 15 దాటితే వెనక భాగం నేలకి తగులుతుంది. ముక్కు దించాకే బ్రేకు. మిగ్-21కి తోక పారాచూట్ ఉంది, ఉచితంగా దొరికే సూ-25టీకి కూడా ఉంది. వాటిని వాడుకుంటే బ్రేకులు చివర్లో మాత్రమే కావాలి. తోక చక్రం విమానాల్లో తోక దిగి, స్టిక్ పొట్టకి ఆనేదాకా వెనక్కి లాగి పట్టుకున్నాకే బ్రేకు ముట్టుకోవాలి. ఆ స్టిక్ వదిలి బ్రేకు వేస్తే ప్రొపెల్లర్ నేలకి తగులుతుంది. అసలు విమానాల్లో కూడా ఇలాగే జరిగేది.

ట్యాక్సీలో ముక్కు అడ్డుగా ఉండి ముందు కనబడదు కాబట్టి పాములా అటూ ఇటూ మెలికలు తిరుగుతూ వెళ్లాలి. మనిషి వేగంగా నడిచినంత వేగం చాలు. వేగం పెరిగితే బ్రేకు వేయడం కన్నా ముందు థ్రాటిల్ తగ్గించండి. థ్రాటిల్ ఇస్తూ బ్రేకు పట్టుకుని వెళ్లడం అందరిలోనూ కనిపించే తప్పు. స్పిట్‌ఫైర్‌లో అలా చేస్తే గాలి అయిపోతుంది, అటు ఇంజిన్ వేడెక్కుతుంది.

ఇంకా ఏదీ తెచ్చుకోకముందే చేసి చూడదగినది ఒకటుంది. డీసీఎస్‌తో టీఎఫ్-51డీ ఉచితంగా వస్తుంది. పీ-51 లాంటి టో బ్రేకులు, అదే తోక చక్రం లాక్. ఎడమ, కుడి బ్రేకులకి రెండు బటన్లు పెట్టుకుని, ఎగరకుండా అరగంట సేపు ట్యాక్సీ మాత్రమే చేయండి. స్టిక్ వెనక్కి లాగి లాక్‌తో తిన్నగా వెళ్లండి. మలుపు దగ్గర స్టిక్ ముందుకి తోసి, లోపలి పక్క బ్రేకు టక్ టక్ అని కొట్టి తిరగండి. మళ్లీ స్టిక్ వెనక్కి లాగి తిన్నగా వెళ్లండి. అరగంట తర్వాత మిమ్మల్ని ఏది ఎక్కువ ఇబ్బంది పెట్టిందో గుర్తుపెట్టుకోండి. మలుపు మధ్యలో బ్రేకు ఎక్కువై ఆగిపోతుంటే మీకు బ్రేకు యాక్సిస్ కావాలి. తిన్నగా వెళ్లాల్సినప్పుడు పక్కలకి ఊగిపోతుంటే రడ్డర్ పెడల్స్ కావాలి. రెండూ లేకపోతే ఆ బటన్లతోనే కొనసాగించండి.